పిల్లలతో కలిసి వండాలంటే ఏది మేలు: మక్కగారెలా, మలీదా, తపాలచెక్కా?

బడి నుంచి వచ్చిన పిల్లలు "ఆకలైతుందమ్మా, ఏమన్నా చేసి పెట్టు" అనగానే మన చేయి ముందు నూడుల్స్ పొట్లం మీదికే పోతుంది. మైదా, ఉప్పు తప్ప అందులో పెద్దగా ఏమీ లేదని తెలిసినా టైం లేదని సర్దుకుపోతాం. కానీ పిల్లలు ఇష్టంగా తినేవి, వాళ్లే చేయి పెట్టి చేయగలిగేవి నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ముందునుంచీ ఉన్నాయి. అందులో మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. నేను చూసేవి రెండే: తిన్నది ఒంటికి పట్టాలి, అసలు పని పిల్లల చేతుల్లో జరగాలి. చెంచా అందించు, గిన్నె అందించు అంటూ పక్కన నిలబెట్టుకుంటే అది కలిసి వండడం కాదు.

ముందు మక్కగారెలు. వానాకాలంలో లేత కంకులు బజారుకు రాగానే అందరికీ వీటి మీదికే మనసు పోతుంది. పిల్లలకు ఇందులో బాగా నచ్చే పని గింజలు ఒలవడం. మొదటి వరుస మనం కత్తితో తీసిస్తే, పక్క వరుసను బొటనవేలితో నెట్టుకుంటూ వాళ్లే ఒలుచుకుపోతారు. అల్లం, పచ్చిమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర వేసి బరకగా రుబ్బేదాకా అంతా బాగానే ఉంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. తడి పిండి, అందులో నలగకుండా మిగిలిన గింజ కాగిన నూనెలో పడితే పేలి మీదికి చిమ్ముతుంది. సరిగ్గా గారె తయారయ్యే వేళకే పిల్లల్ని వంటింట్లోంచి పంపేయాలి.

నూనె సంగతి ఇంకోటి. మిగిలిన నూనె పారబోయడానికి మనసొప్పక మళ్లీ మళ్లీ కాచి వాడతాం. కాచిన కొద్దీ అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే ఆ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై 1 నుంచి మన దేశంలో నిబంధన కూడా ఉంది. ఇంట్లో దాన్ని కొలిచేదెవరు? అదే పిండిని పెనం మీద అట్టులా పోస్తే నూనె తగ్గుతుంది గానీ, గారె అడిగిన పిల్లాడు అట్టు చూసి మొహం మాడ్చుకుంటాడు. గారెలు కంకుల కాలంలో ఒకటి రెండుసార్లు, కొత్త నూనెలో, నాటుకోడి పులుసుతో తింటేనే బాగుంటాయి. వారం వారం చేసుకునే వంట కాదు.

మలీదకు పొయ్యి గొడవే లేదు. పొద్దున చేసిన జొన్నరొట్టెనో గోధుమ రొట్టెనో తుంచి, బెల్లం, కొంచెం నెయ్యి, యాలకుల పొడి వేసి చేత్తో నలిపి ముద్దలు కడితే అయిపోయింది. నాలుగేళ్ల పిల్ల కూడా చేస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు పంచిపెట్టే మలీద ఇదే కాబట్టి పండుగ ఆశ కూడా తోడవుతుంది. ఒక్కటే జాగ్రత్త: బెల్లం మంచిదే కదా అని ఎంతైనా వేసేస్తుంటాం. ఒంట్లోకి పోయాక అది కూడా చక్కెరే. రొట్టె ఎక్కువ, బెల్లం తక్కువ ఉండాలి. కాసిన్ని వేయించిన నువ్వులు కలిపితే రుచి పెరుగుతుంది, బెల్లం తగ్గించిన సంగతి తెలియదు.

ఇక తపాలచెక్క. వరంగల్, కరీంనగర్ వైపు సర్వపిండి అనేది ఇదే. నా ఓటు దీనికే. ఎందుకంటే పొయ్యి వెలిగించకముందే పిల్లల పని మొత్తం అయిపోతుంది. పిండిని చల్లటి తపాలలోనే, అంటే అడుగు మందంగా ఉన్న గిన్నెలోనే, తడతాం. లోపల నూనె రాసి, పిండి ముద్దను అడుగునా, అంచుల మీదికీ వేళ్లతో వత్తుకుంటూ పోవడం, మధ్యమధ్యలో వేలితో తూట్లు పెట్టడం, ఒక్కో తూట్లో ఒక్కో చుక్క నూనె వేయడం, ఇదంతా ఆరేళ్ల పిల్ల తన చేత్తో చేయగలదు. ఎక్కడ మందంగా ఉందో వేళ్లకే తెలుస్తుంది. "అమ్మా, ఇక్కడ లావుగుంది" అని పిల్లే చెప్తుంది, తనే సరిచేస్తుంది. ఆ తర్వాత మూతపెట్టి సన్నని సెగ మీద పెట్టడమే మన పని. పావుగంటకు అంచులు ఎర్రబడి, చెక్క తపాలను దానంతటదే వదులుతుంది. నూనె రెండు మూడు చెంచాలకు మించదు.

బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, కారం, ఉప్పు. పప్పు, గింజలు, ఆకులు ముందే ఉన్న వంట కాబట్టి దీన్ని మెరుగుపరచడం తేలిక. నేనైతే పిండిలో మూడో వంతు జొన్నపిండి కలుపుతాను. 100 గ్రాముల జొన్నల్లో పీచు దాదాపు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. ఇనుము కూడా జొన్నల్లోనే ఎక్కువ. మొత్తం జొన్నపిండితో చేస్తే మాత్రం చెక్క విరిగిపోతుంది, పిల్లలు రెండోసారి అడగరు. ఆనపకాయ తురుము వేస్తే ఇంకా మెత్తగా వస్తుంది. తురుములోనే నీళ్లుంటాయి కాబట్టి ముందు తురుము కలిపి చూసుకుని, కావాలంటేనే నీళ్లు చల్లాలి. కూరలో ఆనపకాయ ముక్క ఏరి పక్కన పెట్టే పిల్లలు ఇందులో తినేస్తారు, తురిమింది వాళ్లే కాబట్టి.

ఉప్పు మాత్రం పిల్లల పిడికిలికి వదలొద్దు, చెంచాతో కొలిపించండి. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలుంటే పల్లీలు బాగా పొడి కొట్టి వేయాలి. పలుకులు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

తపాలచెక్కతో ఉన్న ఇబ్బంది టైం. నూడుల్స్‌లా నిమిషాల్లో కాదు, పైగా రెండో వాయికి తపాల చల్లారాలి. ఆకలి మీదున్న పిల్లాడికి అది పెద్ద పరీక్షే. అడుగు మందంగా ఉన్నవి రెండు పెట్టుకుంటే ఒకటి పొయ్యి మీద ఉండగా రెండోదాంట్లో తట్టుకోవచ్చు. శనగపప్పు పొద్దునే నానేసి పెట్టాలి. అది కూడా కుదరని రోజున మలీదే నయం, నూడుల్స్ కంటే ఏ రకంగా చూసినా మేలే.

చెక్క వేడిగా ఉన్నప్పుడు పక్కన ఉల్లిగడ్డ ముక్కలు పెట్టి వాటి మీద నకిరేకల్ వైపు నుంచి వచ్చే రసం నిండిన నిమ్మకాయ పిండండి. నిమ్మలో ఉన్న విటమిన్ సి వల్ల జొన్నల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కారం తినలేని చిన్నవాళ్లకు గడ్డపెరుగు చాలు. ఒకటి మిగిలితే మర్నాడు పొద్దున బడి డబ్బాలో పెట్టొచ్చు. ఉల్లిగడ్డ, ఆనపకాయ వేసింది మాత్రం అంతకు మించి నిలవ ఉంచొద్దు.