కాంచనబురి: వంతెన దగ్గరే ఆగిపోకండి

థాయ్‌లాండ్‌లోని కాంచనబురి వెళ్లడానికి బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్‌లో పొద్దున్న 7:50 రైలు ఎక్కాం, నేనూ మా అక్కా. విదేశీయులకు టికెట్ 100 బాత్. ఏసీ లేదు, గట్టి సీట్లు, తెరిచిన కిటికీలు. వ్యాన్‌లో త్వరగా చేరొచ్చు కానీ నేనైతే రైలే ఎక్కమంటాను. ఈ ఊరి కథంతా ఆ పట్టాలదే.

1942-43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. పన్నెండు వేలకు పైగా యుద్ధఖైదీలు ఆ పనిలో చనిపోయారు. ఆసియా కూలీలైతే 90 వేల దాకా పోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన వాళ్లలో తమిళులు ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ సంగతి నాకు వెళ్లాకే తెలిసింది.

ఆ రైలుమార్గం కోసం క్వాయ్ నది మీద కట్టిన వంతెన దగ్గర అరగంట చాలు. వంపు తిరిగిన ఇనుప కమానులు పాతవి, మధ్యలో కోణంగా ఉన్న రెండూ బాంబు దాడుల తర్వాత మార్చినవి. జనం, సెల్ఫీలు, దుకాణాలు. మిగిలిన సమయం స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న యుద్ధ శ్మశానానికీ దాని పక్కనున్న రైల్వే మ్యూజియానికీ ఇవ్వండి. శ్మశానంలో యుద్ధఖైదీలవి దాదాపు 7 వేల సమాధులు, ఒక్కో ఫలకం మీదా పేరు, వయసు. ఇరవై రెండు, ఇరవై నాలుగు... అక్క చదువుతూ చదువుతూ ఆగిపోయింది. మలయా నుంచి వచ్చిన కూలీల పేర్లు మాత్రం అక్కడ లేవు. నేను చాలాసేపు వాటికోసమే వెతికాను.

రెండో రోజు ఎరవాన్ జలపాతం. ఊరికి 65 కిలోమీటర్లు, బస్టాండు నుంచి బస్సు ఉంది. విదేశీయులకు ప్రవేశం 300 బాత్. ఏడు అంచెలు, నీలిపచ్చ నీళ్లు, కాళ్లు పెడితే చేపలు కొరుకుతాయి. చివరి అంచెల దారి నిటారుగా ఉంటుంది, చెప్పులు పనికిరావు, బూట్లే వేసుకోండి. తిరుగు బస్సు ఆఖరిది ఎప్పుడో దిగగానే అడిగి పెట్టుకోండి. మేం అడగలేదు, సాయంత్రం దాకా అదే టెన్షన్.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి నది మీద తేలే తెప్ప గదిలో ఉన్నాం. తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు చూడముచ్చటగా ఉంది కానీ, ముందురోజు రాత్రంతా పాటల పడవలు ఎదురుగా తిరుగుతూనే ఉన్నాయి. రెండో రాత్రి కాస్త లోపలి వీధిలో గెస్ట్‌హౌస్‌కి మారాం, హాయిగా నిద్రపట్టింది. శాకాహారులు 'జే' అని చెప్పండి, మాంసం, చేపల సాసు లేకుండా వండిపెడతారు.

మూడో రోజు నామ్‌టోక్ వైపు రైలు. ఎడమ పక్క సీటు పట్టుకోండి. థామ్ క్రసే దగ్గర కొండ అంచున కొయ్య వంతెన మీద రైలు నెమ్మదిగా పాకుతుంటే కింద నది కనిపిస్తుంది. పట్టాలు ఇప్పుడు నామ్‌టోక్‌లో ఆగిపోతాయి. అక్కడి నుంచి మేం బండి మాట్లాడుకుని హెల్‌ఫైర్ పాస్ వెళ్లాం. ప్రవేశం ఉచితం, ఆడియో గైడ్ కూడా ఇస్తారు. ఆ పట్టాల కోసం ఖైదీల చేత, కూలీల చేత సుత్తులూ ఉలులతో, రాత్రుళ్లు మంటల వెలుతురులో కొట్టించిన కొండ అది. రాతి గోడలకు ఉలి గాట్లు ఇంకా ఉన్నాయి. అక్క ఒక గాటులో వేలు పెట్టి చూసింది. మేమిద్దరం పైకి మెట్లెక్కేదాకా ఏమీ మాట్లాడుకోలేదు.