ఒంటరి నడకా, జట్టు నడకా?

65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒంటరిగా నడిస్తే వేళ మనది, వేగం మనది. మోకాలు మొరాయిస్తే సంజాయిషీ లేకుండా వెనక్కి తిరగవచ్చు. చిక్కల్లా రెండో వారంలో వస్తుంది: చినుకు పడినా చెప్పులు గడప దాటవు.

తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో జట్టుగా నడిచే పెద్దలను చూడండి. ఒకరు రాకపోతే ఫోను వెళుతుంది. కళ్లు తిరిగితే పట్టుకునే చెయ్యి పక్కనే ఉంటుంది. కబుర్లతో అది నత్తనడక అవుతుందన్నదీ నిజమే (ఆపై ఇడ్లీ బండి దగ్గర మజిలీ సరేసరి). మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం ఉంటే చాలు. ఇంట్లో ఒంటరిగా మిగిలినవారికైతే నా ఓటు జట్టుకే. తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు మాత్రం ఎవరైనా వారానికి 3 రోజులు విడిగా చేయాల్సిందే.