చిన్న కట్టలా, గుండ్రని పెద్ద కట్టలా?

అమెరికా పశుక్షేత్రాల్లో ఎండుగడ్డిని ప్రధానంగా రెండు విధాలుగా కడతారు. ఇరవై, పాతిక కిలోలు తూగే పెట్టె ఆకారపు చిన్న కట్టను ఒక్క మనిషే ఎత్తగలడు గానీ, బేలర్ (గడ్డిని కట్టలుగా కట్టే యంత్రం) వెనుక సాగే బండిపై నిలబడి వాటిని వరుసలుగా పేర్చేవారికి, ఆపైన ఎండకు కాగిన కొట్టపు అటక మీదికి చేర్చేవారికి అది ఒళ్లు హూనమయ్యే పని. నాలుగైదు వందల కిలోల గుండ్రని కట్టను మాత్రం ట్రాక్టరుకు బిగించిన ఇనుప శూలంతో ఒక్కరే తరలించవచ్చు.

అయితే ఆరుబయట వదిలిన గుండ్రని కట్టకు వాన చేసే నష్టం చిన్నది కాదు: 150 సెంటీమీటర్ల వ్యాసం గల కట్టలో చుట్టూ ఉన్న 15 సెంటీమీటర్ల పై పొర చెడితే, మొత్తం గడ్డిలో మూడో వంతుకు పైగా పోయినట్లే. తేమ 20 శాతం దాటితే ఏ కట్టయినా లోపల వేడెక్కి బూజు పట్టవచ్చు, ఒక్కోసారి నిప్పే అంటుకోవచ్చు.

కొద్దిపాటి గుర్రాలు, మేకలు ఉన్నవారికి చిన్న కట్టలే మేలని నా అభిప్రాయం. అందుకోసం వారు కొత్త బండి కొననక్కరలేదు; పాతదాని ఇనుప చట్రం, ఇరుసులు గట్టిగా ఉంటే, పుచ్చిన అడుగు పలకలను ఓక్ చెక్కతో మార్చి, చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టి, కట్టలు ఆనే వెనుక చట్రాన్ని బిగిస్తే, అది మళ్లీ ఏళ్ల తరబడి బరువు మోస్తుంది. మంద పెద్దదై, కూలీలు దొరకనివారు గుండ్రని కట్టలకే వెళ్లాలి, కానీ ముందుగా వాటికొక పాక వేసుకోవాలి.