పార్టీ, ఐటమ్ మాస్టర్లు ఎక్కడుంటే మేలు: ఎక్సెల్‌లోనా, ట్యాలీలోనా, వేరే సర్వర్‌లోనా?

పార్టీ మాస్టర్ అంటే మనతో కొనే, మనకు అమ్మే వాళ్ల జాబితా; ఐటమ్ మాస్టర్ అంటే సరుకుల జాబితా. రాణీగంజ్‌లో షాపు, జీడిమెట్లలో గోడౌన్, విజయవాడలో బ్రాంచి ఉన్న పంపుల డీలర్ సంగతే తీసుకోండి. ఒకే పార్టీ మూడు స్పెల్లింగులతో మూడు లెడ్జర్లయితే (ఖాతాలైతే) బాకీ కూడా మూడు ముక్కలవుతుంది. క్రెడిట్ లిమిట్ దాటినా ఎవరికీ కనపడదు.

షేర్ చేసిన ఎక్సెల్ షీటుతో ఎవరికీ కొత్తగా నేర్పాల్సింది లేదు. తంటా అంతా అంకెలతోనే. బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే 16వ అంకె నుంచి సున్నాలైపోతాయి. 13 అంకెల బార్‌కోడు 8.9ఈ+12 లాగా కనిపిస్తుంది; అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే అసలు నంబరు పోయినట్టే. పేస్టు చేసేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి, తర్వాత మార్చి లాభం లేదు. కొత్త పార్టీ వివరాలు రాసుకునే ఫారంగా షీటు చాలు, అంతకుమించి నమ్మొద్దు.

పై డీలర్‌కు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీయే మేలు. ట్యాలీప్రైమ్ 3.0 నుంచి ఒకే కంపెనీలో రెండు రాష్ట్రాల జీఎస్‌టీ రిజిస్ట్రేషన్లూ పెట్టుకోవచ్చు. లెడ్జర్ తెరిచే హక్కు ఒక్కరికే ఇచ్చి, మిగతావాళ్లకు ఓచర్లు (బిల్లులు, రశీదుల ఎంట్రీలు) వదలండి. ఇంపోర్ట్ (బయటి ఫైలు నుంచి మాస్టర్లు ఎక్కించడం) దగ్గర మాత్రం జాగ్రత్త. ఉన్న లెడ్జరే మళ్లీ వస్తే ఓపెనింగ్ బ్యాలెన్సులు కలపాలా, వదిలేయాలా, కొత్తవి రాయాలా అన్న సెట్టింగు ఉంటుంది. 'కలపడం' మీద ఉండగా అదే ఫైలు రెండోసారి ఎక్కితే బ్యాలెన్సు రెట్టింపు! ముందు బ్యాకప్, తర్వాతే ఇంపోర్ట్. ఇంట్లోవాళ్ల పేరున రెండో ఫర్మ్ తెరిస్తే దాని మాస్టర్లు వేరే, అక్కడ మళ్లీ మొదటికొస్తుంది.

వెబ్‌సైటు, గోడౌన్ యాప్, బిల్లింగ్ మూడూ ఒకే ఐటమ్ లిస్టు అడిగే రోజు వస్తే సర్వర్‌లో ఒకే మాస్టర్ పెట్టి ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని డేటా అడిగే దారి) ద్వారా ఇవ్వాలి. డేటాబేసును నేరుగా తెరిచి ఇవ్వడం చవకే గానీ, అప్‌గ్రేడులో టేబుల్ మారితే రిపోర్టులు ఆగిపోతాయి. ప్రతి బిల్లుకూ సర్వర్‌ను అడిగితే నెట్ పోయినప్పుడు కౌంటర్ నిలిచిపోతుంది. అందుకని కౌంటర్లో చదవడానికి మాత్రమే ఒక కాపీ ఉంచి, పది నిమిషాలకోసారి మారినవాటినే తెచ్చుకోవాలి. ఈ పద్ధతిలో డిలీట్ అయిన ఐటమ్ సంగతి కౌంటర్‌కు తెలియదు, అక్కడ అమ్ముడవుతూనే ఉంటుంది. డిలీట్ మానేసి 'వాడుకలో లేదు' అని గుర్తు పెట్టండి.

ఎక్కడ పెట్టినా పార్టీని పేరుతో గుర్తించొద్దు. జీఎస్‌టీ నంబరు 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి (తెలంగాణ 36, ఆంధ్ర 37), తర్వాతి పది పాన్. రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీకీ పాన్ ఒక్కటే. కాబట్టి పార్టీకి పాన్, చిరునామాకు జీఎస్‌టీ నంబరు గుర్తుగా పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకు వేసే బిల్లులో 37 నంబరు బదులు వాళ్లదే 36 నంబరు పడితే ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) పోయి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల పన్నులు) పడతాయి. బిల్లు వాళ్ల హైదరాబాద్ 2బీలో (కొన్నవాటి మీద పన్ను క్రెడిట్ చూపే జీఎస్‌టీ స్టేట్‌మెంటులో) తేలుతుంది, ఆ క్రెడిట్ రాలేదని విజయవాడ నుంచి ఫోన్లు మొదలవుతాయి. జీఎస్‌టీ లేని రైతులకూ, మెకానిక్కులకూ మొబైల్ నంబరే గతి; అది మారుతుంది కాబట్టి పాత నంబరు కోసం ఇంకో గడి ఉంచండి.