చిమ్నీ పక్కన ఇల్లు కురుస్తుంటే: తారా, సీలెంటా, కొత్త రేకులా?

పోయిన మే నెలలో మా చిమ్నీ నేనే బాగుచేసుకున్నానని ఎలా తెలిసిందో గానీ, న్యూజెర్సీలో మా ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎవరు కనిపించినా ఇదే అడుగుతున్నారు. "ఫైర్‌ప్లేస్ దగ్గర సీలింగ్ మీద మచ్చ పడిందండీ. హోమ్ డిపోలో నల్ల తారు డబ్బా దొరుకుతుంది కదా, అది పూస్తే ఆగుతుందా? రూఫర్లేమో వెయ్యి డాలర్లకి తక్కువ చెప్పట్లేదు." మొన్న గుడిలో ప్రసాదం లైన్లో కూడా అడిగారు. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని తేల్చే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది 1960ల నాటి ఇల్లు. ఒకే అంతస్తు, కప్పు వాలు తక్కువ, తారు షింగిల్స్ (కప్పు మీద వరసలుగా పరిచే తారు పలకలు) వేసి ఏడేళ్లు, మధ్యలోంచి లేచిన ఇటుక చిమ్నీ. నేను చెప్పేది ఇలాంటి ఇంటికే పూర్తిగా వర్తిస్తుంది. రెండంతస్తులైతే లెక్క వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఏది మేలో చూసేముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియాలి. ఫ్లాషింగ్‌ని, అంటే చిమ్నీ, కప్పు కలిసే చోట వేసే రేకుల్ని, తిట్టుకుంటాం గానీ, చిమ్నీ నెత్తిన ఉండే సిమెంటు క్రౌన్ పగిలినా, పైన క్యాప్ లేకపోయినా, ఇటుకల సందుల్లో మోర్టార్ రాలిపోయినా మచ్చ అదే చోట పడుతుంది. ఒక శనివారం నేను నీళ్ల పైపుతో కప్పు మీద, మా ఆవిడ ఫోన్ టార్చ్‌తో కప్పు కింది అటిక్‌లో. ఈ పరీక్ష కింద నుంచి పైకి చెయ్యాలి. ముందు చిమ్నీకి దిగువ వైపు పది పదిహేను నిమిషాలు, తర్వాత పక్కలు, తర్వాత ఎగువ, ఆఖరున ఇటుకలు, క్రౌన్. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా జారిపోయి దొంగ దొరకడు. దిగువ వైపు ఏమీ లేదు. తూర్పు పక్కకి మారి ఆరేడు నిమిషాలు కాకముందే లోపల్నుంచి "ఆపండి, ఆపండి, వస్తోంది!" అని కేక. రాఫ్టర్ (కప్పు వాసం) వెంబడి సన్నటి ధార మెరుస్తూ దిగుతోందట. మామూలు వానకి ఏమీ కాని ఇల్లు నార్‌ఈస్టర్, అంటే ఈశాన్యపు గాలివాన, వచ్చినప్పుడే ఎందుకు కురుస్తోందో అప్పుడు అర్థమైంది. ఆ గాలివాన కొట్టేది ఆ పక్కనే.

ఇక అసలు విషయం. నా దృష్టిలో దీన్ని తేల్చేది ఖర్చు కాదు, కదలిక. ఇటుక చిమ్నీకి తన పునాది తనకుంటుంది. ఇల్లేమో చెక్క ఫ్రేము. ఎండకి, మంచుకి, చెమ్మకి చెక్క ఒకలా, ఇటుక ఒకలా కదులుతాయి. ఈ రెండూ కలిసే చోట గట్టిగా అతికించినది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. అందుకే అక్కడి రేకు రెండు భాగాలుగా ఉంటుంది. స్టెప్ ఫ్లాషింగ్ అనే చిన్న ఎల్ ఆకారపు రేకులు, షింగిల్ వరసకి ఒకటి చొప్పున, కప్పుకే మేకులతో బిగించి ఉంటాయి. వాటి నుంచి చిమ్నీలోకి ఒక్క మేకు కూడా పోదు. కౌంటర్ ఫ్లాషింగ్ ఇటుకల మధ్య సందులో దూరి, చిమ్నీని పట్టుకుని వాటి మీదకి దిగుతుంది. ఒకదాన్నొకటి కప్పుకుంటాయి గానీ అతుక్కోవు. చిమ్నీ ఒక నూలు అటూ ఇటూ జరిగినా పై రేకు కింది రేకు మీద జారుతుంది, అంతే.

మన పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. బంగాళా పెంకుకీ పెంకుకీ మధ్య జిగురేమైనా ఉందా? పైది కిందిదాని మీద వాలి ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. వానాకాలం ముందు పెంకు నేయించేటప్పుడు పగిలినవి తీసి కొత్తవి పెట్టేవాళ్లు. స్టెప్ ఫ్లాషింగ్ కూడా అలా షింగిల్స్ మధ్య నేసిందే.

ఈ లెక్కన చూస్తే నల్ల డబ్బా, అంటే రూఫ్ సిమెంట్, ఎక్కడ ఓడిపోతుందో కనిపిస్తుంది. పూసిన రోజు బ్రహ్మాండంగా ఆగుతుంది. తర్వాత ఎండకి గట్టిపడి, చిమ్నీ కదిలినప్పుడు ఇటుకకీ తారుకీ మధ్య వెంట్రుకంత చీలిక వస్తుంది. అక్కణ్ణుంచి పూయకముందు కంటే అన్యాయం, ఎందుకంటే లోపలికి దూరిన నీళ్లకి బయటికి పోయే దారి మూసేశాం. మా ఇంటి పాత ఓనర్ చేసింది ఇదే. మూడు పొరల తారు కింద అసలు రేకు ఎక్కడుందో వెతకడానికే నాకు సగం రోజు పట్టింది. అలాంటి పాత తారుని గ్రైండర్‌తో గీకకండి, ఆ కాలం సరుకులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అయితే రూఫ్ సిమెంట్ అసలు పనికిరాదని అనను. డిసెంబరులో కురవడం మొదలైతే తడి మీద కూడా పట్టే రకం రూఫ్ సిమెంట్, మధ్యలో మెష్ గుడ్డ పెట్టి పూసి వసంతం దాకా నెట్టుకురావచ్చు. ఊళ్లో పిట్టగోడ మొదట్లో ప్రతి వేసవీ వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించేవాళ్లలాగా, దాన్నే శాశ్వతం అనుకుంటేనే చిక్కు.

పాలీయురేథేన్ సీలెంట్ దానికంటే చాలా మెరుగు. సాగుతుంది, ఇటుకనీ రేకునీ రెండింటినీ పట్టుకుంటుంది. మీ రేకులు బాగానే ఉండి, కౌంటర్ ఫ్లాషింగ్ సందులోంచి కాస్త బయటికొచ్చి ఉంటే, పాతది గీకి, దుమ్ము బ్రష్‌తో దులిపి, సందులో ఇది నింపితే చాలు. రెండు ట్యూబులు, రెండు గంటలు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం వద్దు. ఇంకో జాగ్రత్త: పై రేకు కింది అంచుని కింది రేకుకి అతికించేయకండి. అదొక ముచ్చట అందరికీ, కనిపించిన సందల్లా మూసేయాలని. ఆ అంచు తెరిచి ఉంచాల్సిందే. సిలికాన్ వద్దు, దుమ్ము ఉన్న ఇటుకని సరిగ్గా పట్టదు, తర్వాత దాని మీద ఇంకేదీ అంటదు. అల్యూమినియం ఫ్లాషింగ్ టేపు గురించి కూడా అడుగుతున్నారు. అది కూడా తారు లాంటిదే అనుకోండి.

కొత్త రేకులు వెయ్యడమే నేను ఎంచుకున్నది. ఎవరికీ దాచకుండా చెప్తాను, ఇది రెండు శనివారాల పని, మోకాళ్ల నొప్పి అదనం. పక్కన షింగిల్స్ జిగురుని ఫ్లాట్ బార్‌తో పొద్దున్నే విడదీయాలి, ఎండ ఎక్కితే మెత్తబడి చిరుగుతాయి. అడుగు నుంచి మొదలుపెట్టి రేకు, షింగిల్, రేకు, షింగిల్. ఒక్కో రేకు కిందిదాని మీద కనీసం రెండు అంగుళాలు ఎక్కాలి. తర్వాత గ్రైండర్‌తో మోర్టార్ సందులో ఒక అంగుళం లోతు కోత. టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. కళ్లద్దాలు, మంచి మాస్కు లేకుండా ముట్టుకోకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. దుమ్ము బూడిద రంగులో లేస్తున్నంతసేపూ మీరు మోర్టార్‌లోనే ఉన్నారు. ఎర్రగా మారిందంటే ఇటుక కోస్తున్నారని అర్థం. నేను పడమటి పక్కన జానెడు పొడుగున ఎర్ర దుమ్ము చూశాకే ఆగాను. ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది.

రంగు పూత ఉన్న అల్యూమినియం తీసుకున్నాను. పచ్చి మోర్టార్ అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి, పూత ఉన్నా సరే, సందులో మోర్టార్ బదులు సీలెంట్ నింపాను. రాగి అయితే మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది, ధర చూసి వెనక్కి పెట్టేశాను. సామాన్లకి మొత్తం 180 డాలర్లు, గ్రైండర్ పక్కింటాయనది.

రూఫర్ల విషయానికొస్తే, నాకు ముగ్గురు ఎస్టిమేట్ ఇచ్చారు: 450, 1,350, 2,100. 450 చూసి ఆశపడ్డాను. చదివితే "ఉన్న ఫ్లాషింగ్‌కి మళ్లీ సీల్ వేస్తాం" అని ఉంది. ఏం సీల్ అని అడిగితే నల్ల డబ్బా! ఇరవై డాలర్ల తారు పూయించుకోవడానికి 450 ఇవ్వాలన్నమాట. కాబట్టి ధర కాదు, కాగితం మీద ఏముందో చూడండి. కొత్త స్టెప్ ఫ్లాషింగ్, సందు కోసి పెట్టే కొత్త కౌంటర్ ఫ్లాషింగ్ అని స్పష్టంగా రాసి ఉండాలి. కొత్త కప్పు వేసేటప్పుడు కూడా పాత రేకులే ఉంచేస్తామంటే ఒప్పుకోకండి. న్యూజెర్సీలో ఈ పనులు చేసేవాళ్లకి రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగి తీసుకోండి.

అయినా కొన్ని ఇళ్లకి రూఫరే కరెక్ట్. రెండో అంతస్తు కప్పు, నిలబడితే జారేంత వాలు, స్లేటు పలకల కప్పు, చేత్తో కదిపితే ఊగే ఇటుకలు, వీటి జోలికి పోకండి. చిమ్నీ కప్పు శిఖరానికి సమాంతరంగా 30 అంగుళాల కంటే వెడల్పుంటే ఎగువ వైపు నీళ్లు చీల్చే చిన్న గుడిసెలాంటి క్రికెట్ ఉండాలని కోడ్ చెప్తుంది. మాది 28, బతికిపోయాను. క్రికెట్ కట్టడం నా వల్ల అయ్యేది కాదు. షింగిల్స్ ఇరవై ఏళ్లవైతే రేకుల మీద డబ్బు పోయకండి, సీలెంట్‌తో నడిపించి కప్పుతోపాటే మార్పించండి. నిచ్చెన కప్పు అంచు దాటి మూడడుగులు పైకి ఉండకపోతే, ఒంటికి హార్నెస్ లేకపోతే, ఒకే అంతస్తు అయినా ఎక్కవద్దు. హార్నెస్ కొన్నందుకు మా ఆవిడ నవ్వింది, నేను ఎక్కాక నవ్వు ఆపేసింది.

సీలింగ్ మీద ఆ మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తారీకు వేశాను. ఆ తర్వాత రెండు గాలివానలు పోయాయి, మచ్చ గీత దాటలేదు. పెయింట్ ఎప్పుడు వేస్తావని ఇంట్లో రోజూ గొడవ. ఇంకో చలికాలం చూద్దాం అంటున్నాను.