ది కన్వీనియెంట్ మ్యారేజ్: బ్రోచ్ ఖరీదు తెలిశాకే చదవాల్సిన నవల

ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ 1934లో రాసిన 'ది కన్వీనియెంట్ మ్యారేజ్'ని ప్రేమకథ అనుకుని మొదలుపెట్టినవాళ్లు సగానికొచ్చేసరికి డీలాపడతారు. ఇది బేరం కథ. 1776 నాటి లండన్‌లో గొప్పింటి పెళ్లి ఎలా కుదురుతుంది, కుదిరాక ఎవరి సొమ్ము ఎవరిది, పరువు పోతే ఎవరికెంత నష్టం అన్న లెక్కల మీద నడిచే హాస్యనవల. ఆ లెక్కలు తెలిసినవాళ్లు పేజీపేజీకీ నవ్వుకుంటారు. తెలియకపోతే మాత్రం, "పోయింది ఒక్క బ్రోచే, గౌనుకు గుచ్చుకునే నగే కదా, మొగుడితో చెప్పేస్తే పోలా?" అని విసుక్కుని పుస్తకం మూసేస్తారు.

విన్‌వుడ్ వారింట్లో ముగ్గురాడపిల్లలు, ఒక కొడుకు. తండ్రి లేడు. కొడుకు పెల్హమ్‌కి పేకాట పిచ్చి. ఉన్నదంతా బల్లమీదే కరిగిపోతోంది. ఇలాంటి ఇంటికి 35 ఏళ్ల ప్రభువు ఎర్ల్ ఆఫ్ రూల్ పెద్దమ్మాయి ఎలిజబెత్ కోసం అడగడానికొచ్చాడు. ఎలిజబెత్ మనసు ఎడ్వర్డ్ హెరన్ మీద ఉంది. అతను 1775లో అమెరికాలోని బంకర్ హిల్ యుద్ధంలో గాయపడి వచ్చిన లెఫ్టినెంటు, చేతిలో పైసా లేదు. అప్పుడు ఆఖరి చెల్లెలు హొరేషియా, 17 ఏళ్ల పిల్ల, ఎవరికీ చెప్పకుండా రూల్ ఇంటికి వెళ్లి, అక్కకి బదులు నన్ను చేసుకోండి అంటుంది. తన లోపాలన్నీ తనే వరసగా ఏకరువు పెడుతుంది: నత్తి ఉంది, కనుబొమలకి ఒంపు లేదు, పొట్టిదాన్ని. చెప్పుకోదగ్గది వంశపు ముక్కొక్కటే. పెళ్లయ్యాక మీ వ్యవహారాల్లో వేలు పెట్టనని హామీ కూడా ఇస్తుంది. హేయర్ రాసిన ఆరంభాల్లో ఇంత చక్కగా కుదిరినవి తక్కువ. పుస్తకం నచ్చుతుందో లేదో ఈ ఒక్క సన్నివేశంతో తేల్చుకోవచ్చు.

తెలుగు పాఠకులు మొదట తడబడేది పేర్ల దగ్గర. మార్కస్, డ్రెలిన్‌కోర్ట్, రూల్, లార్డ్ రూల్, ఎర్ల్ అంటూ కనిపించే ఐదుగురూ ఒక్కడే. రూల్ అనేది బిరుదు, డ్రెలిన్‌కోర్ట్ ఇంటిపేరు. విజయనగరం రాజావారు అంటాం గానీ ఇంటిపేరు పూసపాటి కదా, అదే పద్ధతి. అందుకే పెళ్లయ్యాక హొరేషియా 'లేడీ రూల్' అవుతుంది, 'లేడీ హొరేషియా' కాదు. పేరు ముందు 'లేడీ' పుట్టుకతో రావాలంటే తండ్రి ఎర్ల్ గానీ అంతకన్నా పైవాడు గానీ అయ్యుండాలి. వీళ్లది వైకౌంట్ కుటుంబం, అంటే ఒక మెట్టు కింద. ఈ తరహా నవలలు రాసే చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. హేయర్ వేయదు. క్రాస్‌బీ డ్రెలిన్‌కోర్ట్ అనే ఇంకొకడున్నాడు, వాడు వేరే మనిషి. రూల్‌కి వరసకు తమ్ముడు, కొడుకు పుట్టకపోతే బిరుదుకూ ఆస్తికీ వారసుడు. ఎత్తు మడమల జోళ్లు, పొడి చల్లిన విగ్గు, చేతినిండా పూలగుత్తి: అప్పట్లో 'మెకరోనీ' అని ఎగతాళి చేసిన సోకులరాయుడి వేషం. రూల్ పెళ్లికి ఎందుకు సిద్ధపడ్డాడో క్రాస్‌బీని ఒకసారి చూస్తే చాలు, రచయిత్రి విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు. గొప్పిళ్ల ఆస్తి ఆ రోజుల్లో 'స్ట్రిక్ట్ సెటిల్‌మెంట్' అనే దస్తావేజుతో కట్టిపడేసి ఉండేది. అనుభవిస్తున్న వారసుడికి ఆదాయం మీదే హక్కు, అన్యాక్రాంతం చేసే వీలు లేదు. ప్రతి తరంలోనూ పెళ్లినాడు దాన్ని తిరగరాసేవారు. అందులోనే పెళ్లికూతురి కట్నం, ఏటా ఆమె చేతిఖర్చుకిచ్చే 'పిన్ మనీ', భర్త పోతే ఆమెకు దక్కే మనోవర్తి, పుట్టబోయే పిల్లల వాటాలు అన్నీ ముందే రాసేవారు. 18వ శతాబ్దంలో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 1,000 పౌండ్ల కట్నం తెస్తే, వైధవ్యంలో ఏటా 100 పౌండ్ల మనోవర్తి. విన్‌వుడ్ల దగ్గర కట్నానికే డబ్బు లేదు కాబట్టి వాళ్లు ఇవ్వగలిగింది వంశం పేరొక్కటే. పిన్ మనీని మన పసుపుకుంకుమతో పోల్చకండి. పసుపుకుంకుమ పుట్టింటిది, ఆడపిల్ల సొంతం. పిన్ మనీ భర్త ఆస్తిలోంచి వచ్చేది. పెళ్లితో భార్య నగదూ నట్రా భర్తవైపోయేవి. ఇంగ్లండులో ఆ సూత్రం గట్టిగా సడలింది 1870, 1882 చట్టాలతో, అంటే ఈ కథకు వందేళ్ల తర్వాత. అందుకే హొరేషియా కుట్టుపనివాళ్లకు పెట్టే బాకీలు భర్త సెక్రటరీ ఆర్నాల్డ్ గిస్‌బోర్న్ బల్లమీద పేరుకుంటాయి. అతను తలపట్టుకోవడమూ, రూల్ నిద్రకళ్లతో నవ్వి సంతకం పెట్టడమూ నవలంతా తిరిగొచ్చే చిన్న సరదా.

పేకాట బాకీ కథ వేరు. 1710 చట్టం ప్రకారం 10 పౌండ్లు మించిన జూదపు అప్పు కోర్టులో చెల్లదు. దర్జీ తన డబ్బు కోసం దావా వేయగలడు, పేకాటలో గెలిచినవాడు వేయలేడు. కోర్టు బలవంతం లేదు కాబట్టే ఆ అప్పు మాట మీద నిలబడింది. దర్జీని రెండేళ్లు తిప్పుకుంటూ, జూదపు బాకీని మాత్రం మర్నాడే తీర్చే పెల్హమ్ ఆ లోకపు లెక్కలో మర్యాదస్తుడే. హొరేషియాకీ ఆ జబ్బే ఉంది, దాన్ని తను వంశపు శాపంలా చెప్పుకుంటుంది. ఇది కల్పన కోసం పెంచిన విషయం కాదు. 1774లో, 17వ పుట్టినరోజు వేళకి, డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్‌ను పెళ్లాడిన జార్జియానా స్పెన్సర్ పేకాట అప్పుల్ని భర్తకు తెలియకుండా ఏళ్ల తరబడి దాచిపెట్టింది. నవల కాలం ఆ పెళ్లికి రెండేళ్ల తర్వాతది.

ఇప్పుడు అసలు విషయం, బ్రోచ్. రూల్ మీద పాత పగ ఉన్న లెత్‌బ్రిడ్జ్ అనే లార్డు, హొరేషియా పేకాట మోజును వాడుకుని దగ్గరవుతాడు. ఒక రాత్రి జరిగిన పెనుగులాటలో ఆమె బ్రోచ్ అతని ఇంట్లో పడిపోతుంది. నవల రెండో సగమంతా దాన్ని వెనక్కి తెచ్చే తంటాలే. ఒక నగకి ఇంత రాద్ధాంతమా అంటే, రెండు కారణాలున్నాయి. మొదటిది, అది డ్రెలిన్‌కోర్ట్‌ల ఇంటి వారసత్వపు నగ. అలాంటివి సాధారణంగా వంశపు ఆస్తి కిందే లెక్క, ఆ తరం కోడలు పెట్టుకు తిరుగుతుందంతే. రెండోదే అసలైంది: పరాయి మగాడి ఇంట్లో అర్ధరాత్రి దొరికిన భార్య నగ అంటే సాక్ష్యం. 'క్రిమినల్ కాన్వర్సేషన్' అనే దావా కింద భర్త, భార్యతో సంబంధం పెట్టుకున్నాడని ఆ మగాడి మీద నష్టపరిహారం అడగొచ్చు. పేరులో క్రిమినల్ అని ఉన్నా అది సివిల్ దావా. వింతేమిటంటే ఆ దావాలో భార్య కక్షిదారు కాదు, నోరు విప్పే అవకాశమే లేదు. పనివాళ్లు సాక్ష్యం చెబుతారు, పత్రికలు అచ్చేస్తాయి, ఆమె వినాలి.

పూర్తి విడాకులకు మూడు గడపలు ఎక్కాలి: ఈ దావా గెలవాలి, చర్చి కోర్టులో వేరు కాపురానికి ఉత్తర్వు తేవాలి, ఆపైన పార్లమెంటులో సొంతంగా ఒక చట్టం చేయించుకోవాలి. 1670 నుంచి 1857 దాకా అలా తెచ్చుకున్నవి మూడొందల పైచిలుకు, అందులో భార్యలు తెచ్చుకున్నవి నాలుగే. 1782లో సర్ రిచర్డ్ వర్స్‌లీ ఇలాంటి దావాలో 20,000 పౌండ్లు అడిగాడు. అతనే ఆ సంబంధాన్ని ప్రోత్సహించాడని తేలడంతో జ్యూరీ ఇచ్చింది ఒక్క షిల్లింగు. ఈ నేపథ్యం మనసులో పెట్టుకుంటే, హొరేషియా మొగుడికి చెప్పడానికి ఎందుకు జంకుతుందో అర్థమవుతుంది. ఆమె చెప్పే ప్రతి మాటా అతని చేతిలో దావా కాగితం కావచ్చు. హేయర్ మాత్రం ఇదేదీ విడమరిచి చెప్పదు. 1934 నాటి ఇంగ్లీషు పాఠకులకు తెలుసులే అనుకుంది కాబోలు. మనకు అదే గుదిబండ.

ఎలిజబెత్ హెరన్‌తో లేచిపోవచ్చుగా అన్న అనుమానం కూడా వస్తుంది. 1754 మార్చిలో అమలుకొచ్చిన వివాహచట్టం ప్రకారం 21 నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే పెద్దల అనుమతి కావాలి. స్కాట్లండుకు ఆ చట్టం వర్తించదు కాబట్టి సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్ చేరితే చాలు. లండన్ నుంచి 300 మైళ్లకు పైనే, దారిపొడుగునా గుర్రాలు మార్చే ఖర్చు. సరే, చేరారే అనుకోండి, అన్నయ్య అప్పులు అక్కడే ఉంటాయి. ఎలిజబెత్ కదలకపోవడానికి కారణం అదే.

హాస్యం విషయంలో లోటు లేదు. పెల్హమ్, అతని స్నేహితుడు సర్ రోలండ్ పామ్రాయ్ కలిసి బ్రోచ్ కోసం దారిదోపిడీ నాటకం ఆడే అధ్యాయాలు పుస్తకానికి ప్రాణం. తాగిన మనుషులు గంభీరంగా తర్కించడాన్ని హేయర్‌లా రాసినవాళ్లు అరుదు. రూల్, లెత్‌బ్రిడ్జ్‌ల కత్తియుద్ధం మాత్రం నవ్వులాట కాదు. అక్కడ వాక్యాలు పొట్టివవుతాయి, ఎవరి ఊపిరి ఎప్పుడు తడబడుతోందో తెలుస్తుంది. చెల్సీలోని రానెలా తోటలో ముసుగుల రాత్రి మరో మంచి ఘట్టం. 1742లో తెరిచిన ఆ తోటలో 150 అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి మండపం ఉండేది. డబ్బు కడితే ఎవరైనా రావచ్చు. ఎవరైనా రావచ్చు కాబట్టే కాపురాలకు అది ప్రమాదకరమైన చోటు.

లోపాలూ తక్కువేం కావు. రూల్ మనసులో ఏముందో మనకు దాదాపు చూపించదు. ఎప్పుడు ప్రేమలో పడ్డాడంటే వేలుపెట్టి చూపగల పేజీ లేదు. పెళ్లయ్యాక కూడా లేడీ మాసీతో పాత సంబంధం కొన్నాళ్లు సాగుతుంది, దాన్ని రచయిత్రి మామూలు విషయంలా దాటేస్తుంది. ఆ కాలానికి అది మామూలే. కానీ భార్య బ్రోచ్ పోతే ప్రళయం, భర్త ఇంకో ఇంటికి వెళ్తే కాలక్షేపం అన్న తేడాని ఎక్కడా గిచ్చకపోవడం వెలితిగానే ఉంటుంది. వయసు తేడా కొందరికి అసలు మింగుడుపడదు. నత్తిని ముద్దుగా చూపించే ప్రయత్నం మొదట బాగుంటుంది, వందో సారి అక్షరాలు విడివిడిగా అచ్చులో చూశాక కళ్లు అలసిపోతాయి. కారు దిగి మౌనంగా నిలబడే మన వారపత్రికల హీరోని ఇష్టపడినవాళ్లకి రూల్ వెంటనే నచ్చుతాడు. ఆ హీరోతో పేచీ ఉన్నవాళ్లకి ఇతనితోనూ ఉంటుంది.

భాష కష్టమే. మొదటి నాలుగు అధ్యాయాలు నిదానంగా చదివి పదాలు పట్టుకుంటే, తర్వాత పరుగే. డామినో అంటే ఇక్కడ ముసుగుతో వేసుకునే వదులు అంగీ, ఆటబిళ్ల కాదు. పికే అనేది ఇద్దరే ఆడే పేకాట. ఏడుకు కింది ముక్కలు తీసేసి 32 ముక్కలతో ఆడతారు. హొరేషియా, లెత్‌బ్రిడ్జ్‌లు పికేకి కూర్చున్నారంటే మూడో మనిషికి అక్కడ చోటు లేదని అర్థం. గినీ అంటే 21 షిల్లింగులు, పౌండుకు 20.

కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకండి. రొమ్ముకింద ముడేసిన పల్చటి తెల్లగౌను కనిపిస్తే అది రీజెన్సీ వేషం, 1811కి అటూఇటూ నాటిది. 1776 కథలో ఆడవాళ్లకి వెడల్పు గౌన్లు, ఎత్తుగా కట్టి పొడి చల్లిన జుట్టు; మగవాళ్ల నడుముకి కత్తి. రిచర్డ్ ఆర్మిటేజ్ చదివిన ఆడియో బాగుంటుంది గానీ అది సంక్షిప్తం. అచ్చుపుస్తకం ముందు చదివి, దాన్ని రెండో విడతకు ఉంచుకోవడం మేలు. ఉచిత పీడీఎఫ్‌ల కోసం వెతక్కండి. హేయర్ పోయింది 1974లో, మన చట్టం ప్రకారం హక్కులు మరో 60 ఏళ్లు, అంటే 2034 చివరిదాకా ఉంటాయి. పాత పుస్తకాల దుకాణాల్లో అట్ట నలిగిన పేపర్‌బ్యాక్ దొరికితే అదే చవక. కాకపోతే కొనేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. రూల్ నోరు విప్పి మనసు చెప్పేది అక్కడే.