డిసెంబరులో నెల్లూరు నుంచి ఢిల్లీకి ఇంటి సామాను: ఫుల్ లారీ సర్వీసు ఎంతవరకు నమ్మొచ్చు

నెల్లూరు, ఒంగోలు లారీ బుకింగ్ ఆఫీసుల్లో ‘డోర్ టు డోర్’ అని చెప్పే సర్వీసు నిజానికి రెండు రకాలు. ఒకటి ఫుల్ లారీ: బండి మొత్తం మీదే, ఇంటి ముందు ఎక్కించిన సామాను మళ్లీ ఢిల్లీలో ఇంటి ముందే దిగుతుంది. రెండోది పార్ట్ లోడ్: మీ సామానుతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురిది కూడా వేసి, హైదరాబాదులోనో నాగపూర్‌లోనో గోడౌన్‌లో దించి, వేరే బండిలోకి మార్చి పంపిస్తారు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆఫీసు గురించో కాదు, చలికాలంలో ఈ సర్వీసు ఎలా ఉంటుందన్న దాని గురించి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఉత్తరాదికి వెళ్లేవాళ్లు ఫుల్ లారీయే తీసుకోవాలి. అది కూడా ఏ దారిన పోతుందో, రాత్రిళ్లు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాసిచ్చే ఆఫీసు దగ్గరే తీసుకోవాలి. కిరాయిలో కొంచెం తేడా ఉన్నా సరే.

మంచి సంగతులు ముందు. మన హమాలీల పనికి వంక పెట్టలేం. బీరువా తలుపులు తాడుతో బిగించడం, మంచం కోళ్లు విప్పి కట్ట కట్టడం, స్టీలు సామాను గోనెసంచుల్లో సర్దడం చకచకా చేసేస్తారు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లయితే నాలుగు గంటల్లో ఎక్కించేస్తారు. డ్రైవర్లలో కూడా దారి తెలిసినవాళ్లు దొరుకుతారు. గూడూరు నిమ్మకాయల లోడుతో ఢిల్లీ మండీకి తిరిగినవాళ్లకు ఆ రోడ్డులో ఏ ధాబా దగ్గర బండి పెట్టుకోవచ్చో బాగా తెలుసు. అయితే నిమ్మకాయల బండికి తొందర ఎక్కువ, ఒక పూట ఆలస్యమైతే కాయ పాడవుతుంది. ఆ అలవాటులో ఉన్న డ్రైవరుకు ఇంటి సామాను విషయంలో తొందర లేదని గట్టిగా చెప్పాల్సింది బుకింగ్ ఆఫీసే. చాలాచోట్ల చెప్పరు.

కొటేషన్ కాగితంలోనే అసలు లోపం కనిపిస్తుంది. ‘నెల్లూరు టు ఢిల్లీ, నాలుగు రోజులు’ అని ఒక్క లైను రాసి, కింద కిరాయి వేస్తారు. దారి ఎంత లేదన్నా రెండు వేల కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో చేరాలంటే రోజుకు ఐదొందలు నడపాలి. ఒక్కడే డ్రైవరు ఉన్న బండి అంత నడిచిందంటే రాత్రిపూట కూడా నడిచిందనే. అలా నడిస్తే సరిగ్గా తెల్లవారుజామున మూడింటికి గ్వాలియర్, ధోల్‌పూర్, మథుర మధ్యన పొగమంచులో ఇరుక్కుంటుంది. చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు ఎనిమిది గంటలు, ఏకబిగిన ఐదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి. చలికాలంలో ఢిల్లీకి న్యాయమైన లెక్క ఆరు రోజులు. నాలుగు రోజులని చెప్పే ఆఫీసు అబద్ధమన్నా చెబుతోంది, డ్రైవరు ప్రాణం మీదకన్నా తెస్తోంది.

ఏ దారి, ఎక్కడ హాల్టు

చలికాలం ప్రయాణానికి మొదటి గండం ఉత్తరాదిలో కాదు, మన గుమ్మంలోనే ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు నెల్లూరు, ప్రకాశం తీరానికి డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి నెల్లూరు, కోవూరు మధ్య బండ్లు నిలిచిపోయాయి. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అందుకే లోడింగ్ తేదీకి ఐదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూస్తూ ఉండాలి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడితే లోడింగ్ రెండు రోజులు వెనక్కి జరపాలి. అలా తేదీ మార్చినందుకు అడ్వాన్సులో కోత ఉండదని బుకింగ్ అప్పుడే రాయించుకోవాలి. సామాను ఎక్కించిన బండి వానలో రోడ్డు పక్కన నిలబడడం కన్నా, సామాను ఇంట్లోనే ఉండడం వెయ్యిరెట్లు నయం.

మేం సరైనదనుకునే దారి ఇది. నెల్లూరు నుంచి ఎన్‌హెచ్ 16 మీద ఒంగోలు దాటి మేదరమెట్ల దగ్గర హైవే వదిలి అద్దంకి, పిడుగురాళ్ల, పొందుగుల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లి. విజయవాడ మీదుగా పోతే చుట్టు తిరుగుడు, పైగా ఊరి ట్రాఫిక్. మొదటి రోజుకు సుమారు 365 కిలోమీటర్లు, హాల్టు నార్కట్‌పల్లి దగ్గర. రెండో రోజు పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మేడ్చల్ దగ్గర దిగి ఎన్‌హెచ్ 44 పట్టుకోవాలి. హైదరాబాదు లోపలికి పోతే లారీలకు నో ఎంట్రీ వేళలు, ఫైన్లు. కామారెడ్డి, నిర్మల్ దాటి ఆ రాత్రి ఆదిలాబాద్. నిర్మల్ ఘాట్ మలుపులు వెలుతురు ఉండగానే దాటాలి. మూడో రోజు నాగపూర్ దాటి సివనీ. నాగపూర్, సివనీ మధ్య పెంచ్ అడవి, మలుపులు ఉంటాయి కాబట్టి అక్కడా పగటి ప్రయాణమే. నాలుగో రోజు లఖ్‌నాదౌన్, సాగర్ మీదుగా లలిత్‌పూర్.

ఐదో రోజు నుంచి లెక్క మారుతుంది. ఝాన్సీ దాటాక గంగా యమునా మైదానం పొగమంచు మొదలవుతుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా అర్ధరాత్రి దిగిన మంచు ఉదయం తొమ్మిది పది దాకా విడవదు. వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్ల లోపే కనిపిస్తే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైనది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే లోడు లారీ, డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపు పోయే దూరం కూడా కలుపుకుంటే, ఆగడానికి ఇంచుమించు 60 మీటర్లు తీసుకుంటుంది. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే అతి దట్టమైన మంచులో ముందున్న బండి కనపడే సరికే గుద్దేస్తుంది. కాబట్టి ఐదో రోజు, ఆరో రోజు ఉదయం పదిన్నరకు ముందు బండి కదలకూడదు, సాయంత్రం ఆరు తర్వాత హైవే మీద ఉండకూడదు. ఐదో రోజు హాల్టు ధోల్‌పూర్ దాటకుండా పెట్టుకుంటే, ఆరో రోజు ఆగ్రా, ఢిల్లీ ముక్క పగలే అయిపోతుంది. ఆగ్రా నుంచి నోయిడా వైపు వెళ్లేవాళ్లకు యమునా ఎక్స్‌ప్రెస్‌వే దగ్గరి దారి. చలికాలంలో దాని మీద లారీల వేగ పరిమితి 60కి తగ్గిస్తారు. ఫరీదాబాద్ వెళ్లేవాళ్లకు మథుర, పల్వల్ రోడ్డే మేలు. గురుగ్రామ్ అయితే పల్వల్ దగ్గర పడమటి పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఢిల్లీ ఊరి లోపల అడుగు పెట్టక్కర్లేదు.

పొగమంచులో ప్రాణాలు తీసేది నడిచే బండ్లే కాదు, నిలిచిన బండి కూడా. ఏమీ కనపడటం లేదని డ్రైవరు రోడ్డు అంచున ఆపి పార్కింగ్ లైట్లు వేస్తే, వెనక వచ్చేవాడు ఆ లైట్లను చూసి బండి నడుస్తోందనుకుని దాని వెనకే వచ్చి గుద్దేస్తాడు. ఆపితే ట్రక్ లే-బైలోనో (హైవే పక్కన లారీలు ఆపుకునే చోటు), పెట్రోలు బంకు ఆవరణలోనో, ధాబా లోపలో ఆపాలి. బ్రేక్‌డౌన్ అయి రోడ్డు మీదే ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి, మనుషులు బండి దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. ఈ మాటలు బుకింగ్ ఆఫీసు డ్రైవరుకు చెప్పిందా అని అడగండి. ‘వాళ్లకు తెలుసులే సార్’ అన్న జవాబు మాకు సరిపోదు.

బండి సంగతి

కొటేషన్ మీద బండి నంబరు ఉండాలి. ఆ నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలతో పాటు బండి ఏ భారత్ స్టేజ్‌దో (బీఎస్ అనే కాలుష్య ప్రమాణం) తెలుస్తుంది. ఢిల్లీకి బీఎస్-6 బండి మాత్రమే ఒప్పుకోండి. కాలుష్యం పెరిగి గ్రాప్ (ఢిల్లీ ప్రాంతపు కాలుష్య నియంత్రణ ప్రణాళిక) నాలుగో దశ అమల్లోకి వస్తే బీఎస్-6 డీజిల్, సీఎన్‌జీ, ఎల్‌ఎన్‌జీ, ఎలక్ట్రిక్ లారీలు, నిత్యావసర సరుకుల లారీలు తప్ప మిగతా వాటిని ఢిల్లీలోకి రానివ్వరు. పాత బండి పంపిన ఆఫీసు అప్పుడు బార్డర్‌లో సామాను చిన్న బండ్లలోకి మార్చాలంటుంది, ఆ ఖర్చు మీ నెత్తినే వేస్తుంది. బీఎస్-6 బండికి యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) డబ్బా ఒకటి స్పేర్‌గా ఉంచుకుంటే చాలు. ఢిల్లీ చలికి అది గడ్డకట్టదు. చలికి ముందు మొండికేసేది బ్యాటరీ. రెండేళ్లు దాటిన బ్యాటరీ అయితే బయల్దేరే ముందు చెక్ చేయించమనండి. వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు, పక్కల పసుపు టేపు, ముందు తెల్ల టేపు బురద లేకుండా కనపడాలి. తడిగుడ్డతో తుడవడం రెండు నిమిషాల పని.

డబుల్ బెడ్‌రూమ్ సామానుకు 17 అడుగుల బండి సరిపోతుంది. ఇంటి సామానుకు బరువు కాదు, చోటే లెక్క. లోడు తేలికైతే కమాన్‌పట్టీలు (బండి కింది ఇనుప స్ప్రింగులు) వంగవు, బండి ఎగిరెగిరి పడుతుంది, వెనక చక్రాల అవతల ఉన్న చివరి నాలుగడుగుల్లో అది మరీ ఎక్కువ. ఫ్రిజ్, టీవీ, అద్దాల బీరువా క్యాబిన్ వైపు ఉండాలి. పరుపులు, బట్టల మూటలు, ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి. హమాలీలు మాత్రం బరువు మోయలేక ఫ్రిజ్‌ను చివర్న డోరు దగ్గరే నిలబెడతారు. దగ్గరుండి చెప్పకపోతే వినరు.

ఓపెన్ బాడీయా, కంటైనరా అన్నది అందరూ అడిగే ప్రశ్న. వానలకూ దొంగతనాలకూ కంటైనరే మంచిది. కానీ దానికో జబ్బుంది, దాని గురించి ఏ ఆఫీసూ చెప్పదు. డిసెంబరులో నెల్లూరు గాలి తేమతో బరువుగా ఉంటుంది. ఆ గాలిని లోపలే పెట్టి తలుపులు బిగించి సీలు వేస్తారు. నాలుగు రోజుల తర్వాత ధోల్‌పూర్‌లో రాత్రి చలికి రేకు చల్లబడగానే లోపలి తేమంతా రేకుకు అంటుకుని నీరవుతుంది. తెల్లారి తలుపు తీస్తే పైకప్పు రేకు గాడుల వెంట వరసగా బొట్లు వేలాడుతుంటాయి, బండి కదిలినప్పుడల్లా కింద పరుపుల మీద రాలుతుంటాయి. పరుపును ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి టేపు వేస్తే పరుపులోని తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. అందుకని పరుపుకు ముందు దుప్పటి, దాని మీద ప్లాస్టిక్, అడుగున ఒక మూల తెరిచి ఉంచాలి. సామాను పక్క రేకులకు రెండంగుళాలు ఎడంగా పేర్చాలి. పైన అట్టపెట్టెలు విప్పిన అట్టలు పరిస్తే బొట్లను పీల్చేస్తాయి. వాన పడుతున్నప్పుడు ఎక్కించిన తడి గోనెలు, తడి చెక్కలు లోపల వేయనివ్వకండి. ఓపెన్ బాడీ అయితే ఈ బాధ తక్కువ, కానీ పట్టా (టార్పాలిన్) రెండు పొరలు ఉండాలి. ముందు పట్టా అంచు వెనక పట్టా మీదకు రావాలి, ఇంటికి పెంకులు పరిచినట్టు. తిరగేసి కడితే గాలివాన మడతలోకి దూరి పట్టాను లేపుతుంది.

ఫ్రిజ్ ఒక రోజు ముందే ఆపి, నీళ్లు తుడిచి, తలుపు సందులో చిన్న గుడ్డ పెట్టి నిలువుగానే పంపాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు డ్రమ్ము కదలకుండా కంపెనీ ఇచ్చిన ట్రాన్సిట్ బోల్టులు బిగించాలి, అవి లేకపోతే డ్రమ్ము లోపలే దెబ్బతింటుంది. గ్యాస్ సిలిండర్లు ఎక్కించొద్దు, ఏజెన్సీలో సరెండర్ చేసి వోచర్ తీసుకోండి. బైకులో పెట్రోలు మొత్తం తీసేయాలి. మొలగొలుకుల బియ్యం మూటలు తీసుకుపోయేవాళ్లు చెక్క మీద పెట్టాలి, నేల రేకుకు ఆనిస్తే అడుగు బియ్యం ముక్కిపోతుంది. ఆవకాయ జాడీలు లారీలో వద్దు. ఎంత గుడ్డ కట్టినా ఎగుడుదిగుడులకు నూనె కారి పక్క మూటల్లోకి దిగుతుంది.

కాగితాలు, డబ్బు

వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు రవాణాకు తీసే ఆన్‌లైన్ పత్రం) అక్కర్లేదు. అయినా సామాను జాబితా, ‘సొంత వాడకం’ అని సంతకం చేసిన కాగితం, ఆధార్ జిరాక్సు డ్రైవరు దగ్గర ఉండాలి. అదే లారీలో కొత్త సామాను వేస్తే దానికి బిల్లు ఉండాలి, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు కూడా. లారీ రసీదులో సామాను విలువ తప్పకుండా రాయించండి. రాయించకపోతే పోయిన సామానుకు రవాణా సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ పాలసీ మీ పేరున ఉండాలి, ‘మాకు ఓపెన్ పాలసీ (ఆఫీసు లోడులన్నిటికీ కలిపి ఒకే పాలసీ) ఉంది’ అన్న నోటిమాట చాలదు.

పొగమంచుకు ఆగిన రోజుల హాల్టింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ముందే తేల్చుకోండి. రెండు రోజుల దాకా ఆఫీసుది, ఆపైన రోజుకు ఇంతని మీది, ఇది ఇద్దరికీ న్యాయం. హాల్టింగ్ డబ్బు ఇవ్వకపోతే డ్రైవరు మంచులోనే నడుపుతాడు, ఇది మాత్రం మర్చిపోకండి. కిరాయిలో కనీసం పావు వంతు సామాను దిగాక ఇచ్చేట్టు మాట్లాడుకోవాలి. ‘దారిలో బండి మార్చరాదు’ అన్న లైను తప్పకుండా రాయించాలి.

ఢిల్లీలో లారీలకు ఉదయం, సాయంత్రం నో ఎంట్రీ ఉంటుంది కాబట్టి దించడం చాలాసార్లు రాత్రిపూటే. చలిలో, మసక వెలుతురులో సంతకం పెట్టమని తొందరపెడతారు. పెట్టెలు లెక్కపెట్టి, విరిగినవి, తడిసినవి రసీదు మీదే రాసి, ఫోటో తీసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. నష్టం ఉంటే రవాణా సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడానికి బుకింగ్ తేదీ నుంచి 180 రోజులు గడువు. ఫ్రిజ్‌ను ఆ రాత్రే ప్లగ్ పెట్టకుండా తెల్లారేదాకా తలుపు తీసి నిలబెట్టండి.